ప్రెస్ నోటు వెనక ఎవరు: తిరుపతి, చిత్తూరు సూచిక పని డైరీ

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో పనిచేసే కంపెనీలు, వాటి ఫౌండేషన్లు, పీఆర్ ఏజెన్సీలు, పరిశ్రమల సంఘాలు, పత్రికల యాజమాన్యాలు, ప్రభుత్వ పదవులు: వీటి మధ్య కాగితం మీద కనబడే సంబంధాలను తెలుగులో ఒకచోట చేర్చే వికీ ఇది. ఎవరైనా చేయి వేయొచ్చు. నమూనా అమెరికాది. మాడిసన్‌లోని సెంటర్ ఫర్ మీడియా అండ్ డెమోక్రసీ 2003లో డిస్‌ఇన్ఫోపీడియా అనే పేరుతో మొదలుపెట్టి, 2005లో సోర్స్‌వాచ్‌గా మార్చిన సూచిక.

నమూనా తీసుకోవచ్చు గానీ వాళ్ల సరుకు మనకు దొరకదు. అమెరికాలో లాబీయింగ్ (ప్రభుత్వ నిర్ణయాలను తమవైపు తిప్పుకునే ప్రయత్నం) చేసేవాళ్లు ఎవరి తరఫున, ఏ విషయం మీద, ఎంత ఖర్చుతో చేశారో మూడు నెలలకోసారి రాసివ్వాలి. మన దేశంలో లాబీయింగ్‌కు ప్రత్యేక చట్టమూ లేదు, రిజిస్టరూ లేదు. 2012లో వాల్‌మార్ట్ భారత మార్కెట్ కోసం లాబీయింగ్ చేసిందన్న గొడవ పార్లమెంటులో లేచిందంటే, ఆ కంపెనీ అమెరికాలో దాఖలు చేసిన పత్రాల పుణ్యమే. జస్టిస్ ముకుల్ ముద్గల్ కమిటీ వేసింది ఆ తర్వాతే. అందుకని ఇక్కడ ఒకే రిజిస్టరు తెరిచి చూసుకునే వీలు లేదు. వార్షిక నివేదిక, జీవో, ప్రజాభిప్రాయ సేకరణ మినిట్స్, సొసైటీ రిజిస్ట్రేషన్, పత్రికతో వచ్చే జిల్లా ట్యాబ్‌లో (టాబ్లాయిడ్ అనుబంధంలో) వార్త... ఒక్కో చోట ఒక్కో ముక్క ఏరుకోవాలి.

1వ వారం: గడులు

మొదటి నమూనాలో ‘ప్రభావం’ అని ఒక గడి పెట్టాం: తీవ్రం, మధ్యస్థం, స్వల్పం. ఒకే వార్షిక నివేదిక ఇద్దరికిస్తే ఒకరు తీవ్రం అని రాశారు, ఇంకొకరు స్వల్పం అని. ఆ గడి పీకేశాం. ఇప్పుడు పేజీలో అభిప్రాయానికి చోటు లేదు, లంకెకే చోటు.

లంకె అంటే ఒక వరుస. ఎవరు, ఎవరికి, ఏ రకం, ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు, ఎంత, ఏ కాగితం, ఆ కాగితంలో ఏ పేజీ. రకాలు తొమ్మిదే: వాటా, డైరెక్టరు పదవి, సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) ఖర్చు, ప్రకటన, నోటు అచ్చు (ప్రెస్ నోటును వార్తగా వేయడం), రాజకీయ విరాళం, ప్రభుత్వ పదవి, సంఘ సభ్యత్వం, భూమి లేదా రాయితీ కేటాయింపు. ‘సన్నిహితుడు’ అనే రకం కూడా పెట్టమని కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ అడుగుతారు. సన్నిహితానికి కాగితం ఉండదు కాబట్టి పెట్టలేదు, పెట్టం. కాగితం, పేజీ నంబరు ఖాళీగా వదిలితే ఫారం సేవ్ కాదు. ఈ ఒక్క నిబంధనతోనే వచ్చిన ఎంట్రీల్లో చాలావరకు వెనక్కి వెళ్తాయి. వెళ్లాలి కూడా.

2వ వారం: సర్వర్

వికీపీడియా నడిచే సాఫ్ట్‌వేర్ మీడియావికీ, 1.43 వెర్షన్ తీసుకున్నాం. దీర్ఘకాల మద్దతున్న వెర్షన్ కాబట్టి ఆర్నెల్లకోసారి మార్చే బాధ ఉండదు. దీనికి పీహెచ్‌పీ 8.1 లేదా ఆపైది, మరియాడీబీ కావాలి. 2 జీబీ ర్యామ్ ఉన్న అద్దె సర్వర్ ఈ పనికి చాలు. పొడిగింపులు (ఎక్స్‌టెన్షన్లు) ఐదు: గడుల కోసం కార్గో, ఫారాల కోసం పేజ్ ఫార్మ్స్, సరిచూసిన కూర్పునే పాఠకులకు చూపడానికి అప్రూవ్డ్ రెవ్స్, తప్పుడు మార్పులను పట్టడానికి అబ్యూస్ ఫిల్టర్, బాట్లను ఆపడానికి కన్ఫర్మ్ ఎడిట్.

చేయి కాలిన చోట్లు మూడు. మొదటిది, మూసలో (టెంప్లేట్‌లో) కొత్త గడి చేర్చాక కార్గో పట్టికను తిరిగి కట్టించాలి. మరిచిపోతే పాత పేజీలు జాబితాల్లో కనబడవు, పేజీ తెరిచి చూస్తే మాత్రం అంతా బాగానే ఉంటుంది. ఎక్కడ పోయిందో అర్థం కాక తల బద్దలుకొట్టుకోవాల్సిందే. రెండోది, నేపథ్య పనులు. పేజీ ఎవరైనా తెరిచినప్పుడల్లా కొన్ని నడిచేలా ఉంటుంది మామూలుగా. దాన్ని సున్నా చేసి, క్రాన్‌లో (వేళకు పనులు నడిపే సర్వర్ ఏర్పాటులో) ఐదు నిమిషాలకోసారి నడిపిస్తే సైటు మొరాయించడం మానింది. మూడోది, డబ్బు గడి. ఒకరు ‘12.5 కోట్లు’ అంటారు, ఒకరు ‘1250 లక్షలు’ అంటారు, కూడిక కుదరదు. గడి పేరునే ‘లక్షల్లో’ అని మార్చి అంకె తప్ప ఇంకేదీ పట్టకుండా చేశాం.

బ్యాకప్ రోజూ రాత్రి. డేటాబేసు డంపు (మొత్తం నకలు) తీసేటప్పుడు అక్షర సంపుటిని (క్యారెక్టర్ సెట్‌ను) బైనరీగా చెప్పాలి, లేకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలై తిరిగొచ్చే ప్రమాదం ఉంది. డంపు తీయడమే కాదు, వేరే మెషీన్‌లో పోసి ఒక తెలుగు పేజీ చదివి చూడాలి.

3వ వారం: ఒకే కంపెనీ, నాలుగు పేజీలు

ఇంగ్లిషు సూచికలకు లేని తలనొప్పి ఇది. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు ట్ తర్వాత కనబడని ఒక అక్షరం వేస్తాం: జీరో విడ్త్ నాన్ జాయినర్, యూనికోడ్‌లో 200సీ. కొన్ని కీబోర్డులు వేస్తాయి, కొన్ని వేయవు. మీడియావికీ పేజీ పేరులోంచి దిశను సూచించే కనబడని అక్షరాలను తీసేస్తుంది గానీ దీన్ని తీయదు. దాంతో ఒకే పేరుకు రెండు పేజీలు. దానికి ‘ఇంజినీరింగ్’, ‘ఇంజనీరింగ్’ తేడా తోడైతే నాలుగు. ‘ఎనర్జీ’, ‘ఎనర్జి’ సంగతి చెప్పక్కర్లేదు.

ఆ అక్షరాన్ని మొత్తానికే నిషేధిస్తే పోదా అన్నది సహజమైన ప్రశ్న. నిషేధిస్తే ట్, వే కలిసిపోయి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది, చదవడానికి ఇబ్బంది. కాబట్టి అసలు పేజీ పేరులో ఉంచి, అది లేని రూపానికి దారిమార్పు పెడుతున్నాం. వారానికోసారి ఒక చిన్న పైవికీబాట్ స్క్రిప్టు అన్ని పేజీల పేర్లూ తీసుకుని, 200సీని, ఖాళీలను, హైఫన్లను తీసేసి, దీర్ఘాలన్నీ హ్రస్వాలు చేసి పోలుస్తుంది. ఒకేలా తేలినవి జాబితాగా ఇస్తుంది. కలపడం మాత్రం మనిషే. ఒకసారి స్క్రిప్టుకే కలిపే పని అప్పగిస్తే, పేర్లలో ఒక్క దీర్ఘమే తేడా ఉన్న రెండు వేర్వేరు ట్రేడర్లను ఒకటి చేసేసింది.

వెతుకులాటలో ఇంకో తిప్పలు. పేరుకు విభక్తి అంటుకుంటే దొరకదు. ‘ఫౌండేషన్’ అని వెతికితే ‘ఫౌండేషన్‌కు’ రాదు. చివర నక్షత్రం గుర్తు పెట్టి వెతకాలని సహాయం పేజీలో మొదటి వాక్యంగా రాశాం.

4వ వారం: సిన్ నంబరు

పేరును నమ్ముకుంటే మొదటికే మోసం, అందుకని కంపెనీలకు తాళంచెవిగా కార్పొరేట్ గుర్తింపు సంఖ్యను, అంటే సిన్‌ను పెట్టుకున్నాం. కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కంపెనీ ప్రాథమిక వివరాలు ఉచితంగా చూడొచ్చు. దాఖలు చేసిన పత్రాలు చూడాలంటే కంపెనీకి 100 రూపాయలు. కట్టే ముందే ఏ పత్రాలు కావాలో రాసిపెట్టుకోవాలి, ఎందుకంటే తెరిచాక సమయానికి పరిమితి ఉంటుంది.

సిన్ 21 అక్షరాలు. మన పక్కనే, కరకంబాడిలో రిజిస్టర్డ్ ఆఫీసున్న అమరరాజాది చూస్తే: ఎల్31402ఏపీ1985పీఎల్‌సీ005305. మొదటి అక్షరం ఎల్ అంటే స్టాక్ మార్కెట్‌లో నమోదైంది, యూ ఉంటే కాలేదు. తర్వాతి ఐదంకెలు పరిశ్రమ కోడ్. రెండక్షరాలు రాష్ట్రం. నాలుగంకెలు పుట్టిన సంవత్సరం. మూడక్షరాలు కంపెనీ రకం. పీటీసీ అంటే ప్రైవేటు, పీఎల్‌సీ పబ్లిక్, ఎన్‌పీఎల్ అంటే లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీ. చివరి ఆరూ నమోదు సంఖ్య. ఈ కంపెనీ 2023లో అమరరాజా బ్యాటరీస్ నుంచి అమరరాజా ఎనర్జీ అండ్ మొబిలిటీగా పేరు మార్చుకుంది. పేరుతో కట్టిన పట్టికలో అక్కడితో చరిత్ర తెగిపోతుంది, సిన్‌తో కట్టినదాంట్లో తెగదు.

ఫౌండేషన్ అని పేరున్న ప్రతిదీ ట్రస్టు కాదని ఎన్‌పీఎల్ చూస్తేనే తెలుస్తుంది. సెక్షన్ 8 కంపెనీ అయితే డైరెక్టర్లు, ఖాతాలు పోర్టల్‌లో ఉంటాయి. సొసైటీ అయితే జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నకలు తీసుకోవచ్చు. ట్రస్టు అయితే కష్టం: స్థిరాస్తి లేని ట్రస్టు డీడ్ సబ్ రిజిస్ట్రార్ దగ్గర నాలుగో పుస్తకంలోకి పోతుంది. రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం ఆ పుస్తకం నకళ్లు దస్తావేజుతో సంబంధమున్నవాళ్లకే ఇస్తారు. పేరు కనబడకుండా ఉండాలనుకునేవాళ్లు ఏ రూపం ఎంచుకుంటారో చెప్పాల్సిన పనిలేదు.

సిన్ కూడా శాశ్వతం కాదని వారం చివర్లో తెలిసొచ్చింది. మార్కెట్‌లో నమోదైతే యూ పోయి ఎల్ వస్తుంది. 2014 విభజన తర్వాత హైదరాబాద్‌లో ఆఫీసున్న పాత కంపెనీల నంబర్లలో ఏపీ పోయి టీజీ వచ్చింది. చంద్రబాబునాయుడు 1992లో స్థాపించిన హెరిటేజ్ ఫుడ్స్ వేళ్లు చిత్తూరు జిల్లాలో ఉన్నా దాని సిన్‌లో ఉన్నది టీజీయే. కాబట్టి ‘రాష్ట్రం: ఏపీ’ అని వడకడితే మన జిల్లాలో పనిచేసే కంపెనీలు సగం జారిపోతాయి. పాత సిన్‌లకు వేరే పట్టిక పెట్టి, వడపోతను రిజిస్టర్డ్ ఆఫీసు మీద కాకుండా యూనిట్ ఉన్న మండలం మీద కట్టాం.

మండలం ఎందుకంటే, జిల్లా కూడా మారింది. 2022 ఏప్రిల్ 4న చిత్తూరు నుంచి, నెల్లూరు నుంచి కొంత కొంత తీసి తిరుపతి జిల్లా చేశారు. మదనపల్లె, పీలేరు వైపు అన్నమయ్య జిల్లాలోకి పోయాయి. అంతకుముందు శ్రీసిటీ చిరునామా చిత్తూరు జిల్లా, తర్వాత తిరుపతి జిల్లా. సీఎస్ఆర్ లెక్కలు జిల్లాలవారీగా తీస్తే 2021-22 తర్వాత చిత్తూరులో ఖర్చు ధబాలున పడిపోయినట్టు కనబడుతుంది. పడిపోయింది ఖర్చు కాదు, సరిహద్దు. సత్యవేడు, వరదయ్యపాళెం అని మండలం పేరు రాస్తే ఆ తిప్పలు లేవు.

5, 6 వారాలు: నోటు అచ్చు

ఈ సూచికలో ఎక్కువ శ్రమ తిన్నదీ, ఎక్కువ ఉపయోగపడేదీ ఇదే. కంపెనీ పీఆర్వో నుంచి సాయంత్రం వాట్సాప్‌లో ప్రెస్ నోటు వస్తుంది, ఫొటోతో సహా. మర్నాడు జిల్లా ట్యాబ్‌లలో వార్త వస్తుంది. ఎంత నోటు, ఎంత వార్త అన్నది కొలవాలి.

నోటును వచ్చినట్టే, తేదీ సమయంతో భద్రపరుస్తాం. పత్రిక పేజీని 300 డీపీఐలో స్కాన్ చేస్తాం. ఈ-పేపర్ పీడీఎఫ్‌లోంచి నేరుగా కాపీ చేయబోతే చాలాసార్లు చెత్త వస్తుంది, ఎందుకంటే డీటీపీ అంతా యూనికోడ్ కాని అను ఫాంట్లలో జరిగి ఉంటుంది. అందుకని బొమ్మగా తీసుకుని బొమ్మలోని అక్షరాలు గుర్తించే టెసరాక్ట్ సాఫ్ట్‌వేర్ తెలుగు నమూనాతో చదివించడమే మేలు. అది వ, ప తారుమారు చేస్తుంది, మ ఉన్నచోట వు చదువుతుంది. కాలమ్‌లు విడివిడిగా కత్తిరించి ఇవ్వకపోతే పక్క వార్త వాక్యాలు కలిపేస్తుంది. అంకెలు తప్పనిసరిగా కంటితో సరిచూడాలి.

తర్వాత రెండు పాఠాల్లోంచీ విరామ చిహ్నాలు, 200సీ తీసేసి, వరసగా ఐదు మాటలు కలిసిన చోట్లను లెక్కపెడతాం. ఇంగ్లిషుకైతే ఎనిమిది మాటలు పెట్టొచ్చు గానీ తెలుగులో ఒక్క మాటే వాక్యంలో సగం మోస్తుంది. ఎనిమిది పెడితే నిజమైన నకళ్లు కూడా జారిపోతాయి. మూడు పెడితే ‘ఈ సందర్భంగా ఆయన మాట్లాడుతూ’ లాంటి ఊతపదాలన్నీ నకళ్లయి కూర్చుంటాయి. అలాంటివి ఒక మినహాయింపు జాబితాలో వేసుకుంటున్నాం: ‘ముఖ్య అతిథిగా విచ్చేసిన’, ‘జ్యోతి ప్రజ్వలన గావించి’, ‘హర్షం వ్యక్తం చేశారు’. జాబితా పెరుగుతూనే ఉంది.

యంత్రం కంటే ముందే కంటికి చిక్కే ఆధారం ఒకటుంది: తప్పు. ఒక నోటులో ‘విద్యకు పెద్ద పీఠ వేస్తున్నట్లు’ అని వచ్చింది. రాయాల్సింది పెద్దపీట. పీట వేరు, పీఠం వేరు. మర్నాడు మూడు ట్యాబ్‌లలో, మూడు వేర్వేరు శీర్షికల కింద, అదే ‘పెద్ద పీఠ’. ఒక విలేకరి పొరపాటు పడొచ్చు, ముగ్గురు ఒకేచోట ఒకే అక్షరం దగ్గర పడరు. అందుకే నోటులోని అక్షరదోషాలను, కూడిక తప్పులను, వయసు తప్పులను ముందు గుర్తించి వాటికి వేరే గడి పెట్టాం. అవి వార్తలో దిద్దకుండా వచ్చాయంటే డెస్క్ కూడా చదవలేదన్నమాట.

ఇక్కడ ఆగాలి. ఇది రుజువు చేసేది నోటు అచ్చయిందనే, డబ్బు చేతులు మారిందని కాదు. లైన్ అకౌంట్ (అచ్చయిన లైన్ల లెక్కన వచ్చే డబ్బు) మీద బతికే కంట్రిబ్యూటర్‌కు సాయంత్రం ఆరులోగా పది ఐటమ్‌లు పంపాలి, పైగా యాడ్ టార్గెట్ ఉంటుంది. సిద్ధంగా వండిన నోటు దొరికితే వదులుకోడు. అందుకే లంకె రకం పేరు ‘నోటు అచ్చు’ అంతే. విలేకరి పేరు ఎక్కించం, ఎడిషన్, తేదీ, పేజీ మాత్రమే. పత్రిక పేజీ బొమ్మ పైకి ఎక్కించం, కాపీరైటు వాళ్లది.

డబ్బు తీసుకుని వేసిన వార్తల సంగతి వేరు. 2009 ఎన్నికల తర్వాత ప్రెస్ కౌన్సిల్ పెయిడ్ న్యూస్ మీద పరంజయ్ గుహ ఠాకుర్తా, కె.శ్రీనివాస్ రెడ్డిలతో ఉపసంఘం వేసింది. వాళ్లు పత్రికల పేర్లతో సహా 71 పేజీలు రాసిచ్చారు. 2010లో కౌన్సిల్ విడుదల చేసిన కుదించిన నివేదికలో ఆ వివరాలు లేవు. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాక 2011లో గానీ అసలుది బయట పడలేదు. దీన్నుంచి పనికొచ్చే అలవాటు ఒకటి చేసుకున్నాం: ఏ నివేదికైనా దొరికిన గంటలో అసలు ఫైలు దించి, దాని ఎస్‌హెచ్ఏ-256 సంఖ్యను (ఫైలుకు వేలిముద్ర లాంటిది) పేజీలో రాసి, వెబ్ పేజీలను దాచే వేబ్యాక్ మెషీన్‌లో కూడా భద్రం చేయడం.

పత్రికల యాజమాన్యం కోసం పాత కట్టింగులు బంగారం. 1956 నియమాల కింద ప్రతి పత్రికా ఫిబ్రవరి తర్వాత వచ్చే మొదటి సంచికలో ఫారం 4 అనే యాజమాన్య ప్రకటన ప్రచురించాల్సి ఉండేది. మూలధనంలో ఒక శాతం మించి వాటా ఉన్నవాళ్ల పేర్లు అందులో ఉంటాయి. లోపలి పేజీలో, అరచేయంత పెట్టెలో, చీమ తలకాయంత అక్షరాలతో వేసేవారు. లైబ్రరీలో బైండు చేసిన మార్చి మొదటివారం సంచికలు తిరగేస్తే చాలు. కొత్త పత్రికల చట్టం 2024 మార్చి 1న అమల్లోకి వచ్చింది కాబట్టి అంతకు ముందువాటికి ఈ దారి.

7వ వారం: సీఎస్ఆర్

నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలని 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ చెబుతుంది. అంటే బడికి బెంచీలిస్తే వార్తలో వచ్చే ‘దాతృత్వం’ చట్టం కట్టించిన బాకీ. సీఎస్ఆర్ ఖర్చుకు పేజీల్లో ‘విరాళం’ అనే మాట వాడొద్దని నియమం పెట్టాం.

వార్షిక నివేదికలోని సీఎస్ఆర్ అనుబంధం చూడాలి. 2022 సవరణకు ముందువాటిలో ప్రాజెక్టు, జిల్లా, మొత్తం, ఎవరి ద్వారా ఖర్చు పెట్టారో ఉంటాయి. 2021 ఏప్రిల్ నుంచి ఖర్చు పెట్టే సంస్థలకు సీఎస్ఆర్ అనే మూడక్షరాలతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉండాలి. ఫౌండేషన్లకు అదే మా తాళంచెవి. ఇక నోటులో చెప్పిన మొత్తాన్ని, అనుబంధంలో ఉన్న మొత్తాన్ని పక్కపక్క గడుల్లో పెడతాం. తేడా వస్తే వెంటనే ఎగిరి గంతేయకూడదు. నోటులో చెప్పింది మూడేళ్ల ప్రాజెక్టు మొత్తం కావచ్చు, అనుబంధంలో ఉన్నది ఆ ఏడాది ఖర్చు. ఒకే తరగతి గదిని ప్రకటించినప్పుడు, శంకుస్థాపనప్పుడు, ప్రారంభోత్సవానికి మూడుసార్లు లెక్కేసిన నోట్లు కూడా ఉన్నాయి. అందుకే తేదీ కంటే బడి పేరు, ఊరు ముఖ్యం.

బ్రహ్మోత్సవాలప్పుడు మజ్జిగ పందిరికి కట్టే కంపెనీ బ్యానరు ఏ గడిలోకి వస్తుందన్నది ఒక చర్చ. మార్కెటింగ్ ప్రయోజనం కోసం చేసే స్పాన్సర్‌షిప్ సీఎస్ఆర్ కాదని నియమాల్లోనే ఉంది. కాబట్టి అనుబంధంలో కనబడితే సీఎస్ఆర్, లేకపోతే ప్రకటన. పందిట్లో మజ్జిగ బాగుందా లేదా అన్నది గడుల్లో లేదు.

8వ వారం: ప్రజాభిప్రాయ సేకరణ

2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం సభకు 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో నోటీసు వేయాలి. సభను వీడియో తీయాలి, హాజరైనవాళ్ల జాబితా, మినిట్స్ జతచేయాలి. కోరం అక్కర్లేదు. ఈ మినిట్స్ ఎవరూ చదవరు గానీ, ఫ్యాక్టరీ రావాలని మాట్లాడిన ‘అభివృద్ధి సమితి’, ‘యువజన సేవా సంఘం’ ఏమిటో తెలిసేది వీటిలోనే.

చేసే పని ఇది: సంఘం పేరును మినిట్స్‌లో ఉన్నట్టే రాసుకుని, జిల్లా రిజిస్ట్రార్ దగ్గర 2001 సొసైటీల చట్టం కింద దాని నమోదు తేదీ, నియమావళి (బైలాస్), కార్యవర్గం నకలు తీసుకోవాలి. సొసైటీకి కనీసం ఏడుగురు సభ్యులుండాలి. నమోదు తేదీ, నోటీసు తేదీ, సభ తేదీ మూడూ ఒకే వరుసలో పెడితే చాలు. నోటీసు పడ్డాక పుట్టిన సంఘమైతే పాఠకుడికి అదే కనబడుతుంది, మనం వ్యాఖ్యానించక్కర్లేదు. కంపెనీలు సొంతగొంతుతో చెప్పలేనిది వేరే సంఘం గొంతుతో చెప్పించడం కొత్తేమీ కాదు. 1954 జనవరిలో అమెరికా సిగరెట్ కంపెనీలు హిల్ అండ్ నోల్టన్ సలహాతో పొగాకు పరిశ్రమ పరిశోధన కమిటీ పేరిట పత్రికల నిండా ప్రకటన వేయించాయి. పేరు పరిశోధనది, ఖర్చు కంపెనీలది.

జాగ్రత్త ఒకటుంది. హాజరు జాబితాలో రైతుల పేర్లు, ఫోన్లు, సంతకాలు ఉంటాయి. అవి ఎక్కించకూడదు. నల్లపెట్టె పెట్టి దాచానని అనుకుంటే చాలదు. పీడీఎఫ్‌లో పెట్టె కింద పాఠం అలాగే ఉంటుంది. పేజీని బొమ్మగా మార్చి, ఆ భాగం చెరిపి, మళ్లీ పీడీఎఫ్ చేయాలి. డైరెక్టర్ల ఇంటి చిరునామాలు, పాన్ నంబర్లకూ ఇదే పద్ధతి.

భూమి కేటాయింపులు, బోర్డు నియామకాలకు జీవోలు కావాలి. రాష్ట్ర ప్రభుత్వం 2021 ఆగస్టులో జీవోలను వెబ్‌సైటులో పెట్టడం ఆపేసింది, 2024లో మళ్లీ మొదలైంది. మధ్య మూడేళ్లకు గెజిట్, కోర్టు దస్త్రాలు, సమాచార హక్కు దరఖాస్తులే గతి.

9వ వారం: మాటల వడపోత

కుమ్మక్కు, తొత్తు, కొమ్ముకాయడం, చీకటి ఒప్పందం, బాకా, బినామీ. ఇలాంటి మాట పేజీలో పడగానే అబ్యూస్ ఫిల్టర్ హెచ్చరిస్తుంది. పరువునష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద వస్తుంది. ప్రజాహితం కోసం చెప్పిన నిజానికి మినహాయింపు ఉంది గానీ, ‘తొత్తు’ నిజమని ఏ కాగితంతో నిరూపిస్తాం? మొదట హెచ్చరిక కాకుండా పూర్తిగా అడ్డుకునేలా పెడితే బినామీ లావాదేవీల నిషేధ చట్టం పేరు రాయబోయినవాళ్లూ ఆగిపోయారు. ఇంకో లోపం, పదం అంచును సూచించే గుర్తు తెలుగు గుణింతాల దగ్గర సరిగా పనిచేయదు, మాట మధ్యలోనే అంచు అనుకుంటుంది. మాటకు ముందూ వెనకా ఖాళీనో విరామమో ఉందా అని విడిగా చూడమని రాశాక కుదురుకుంది.

10వ వారం: బాండ్లు

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఎన్నికల బాండ్లను కొట్టేసింది. మార్చి 14న ఎన్నికల సంఘం కొన్నవాళ్ల జాబితా, నగదు చేసుకున్న పార్టీల జాబితా విడివిడిగా పెట్టింది. మార్చి 21న బాండ్ నంబర్లతో సహా వచ్చింది. లంకె కట్టాల్సింది మార్చి 21న వచ్చినదానితోనే. పీడీఎఫ్ నుంచి పట్టిక లాగేటప్పుడు పొడవాటి పేర్లు మధ్యలో విరుగుతాయి, కూడే ముందు అవి అతకాలి. గుంపు కంపెనీలు ఇంకో సంగతి: మేఘా ఇంజినీరింగ్ కొన్నది 966 కోట్లు, దాని గుంపులోని వెస్టర్న్ యూపీ పవర్ ట్రాన్స్‌మిషన్ కొన్న 220 కోట్లు వేరే వరుసలో ఉంటాయి. మేం రెంటినీ కూడం. ‘వాటా’ లంకెతో కలిపి చూపిస్తాం.

11వ వారం: అవతలివాళ్లు

సూచిక కనబడటం మొదలయ్యాక కంపెనీ తరఫువాళ్లు వచ్చి దిద్దడం ఖాయం. 2011లో బ్రిటన్‌లో బెల్ పాటింజర్ అనే పీఆర్ సంస్థ ఖాతాదారుల పేజీలను దిద్దుతోందని తేలి వికీపీడియా కొన్ని ఖాతాలను ఆపేసింది. 2014 నుంచి డబ్బు తీసుకుని రాసేవాళ్లు ఆ విషయం చెప్పాలని వికీమీడియా నిబంధనల్లో పెట్టారు. మేం పేరు లేకుండా దిద్దే హక్కు తీసేశాం. కంపెనీవాళ్లు సొంత పేజీని ముట్టుకోకూడదు, చర్చా పేజీలో కాగితం చూపించొచ్చు. ‘జవాబు’ అనే భాగంలో 300 మాటల వరకు వాళ్లు రాసింది రాసినట్టే, తేదీతో వేస్తాం. కాగితం సరైనదైతే లంకె దిద్దుతాం, పాత రూపం చరిత్రలో ఉంటుంది.

తోతాపురి మామిడి పేజీలకు ఈ జవాబు భాగమే ఎక్కువ అవసరం పడేలా ఉంది. 2025 సీజన్‌లో కిలోకు ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4, మొత్తం 12 రూపాయలని ప్రకటించారు. ప్రకటించిన ధర ఒక గడి, కాటా చీటీ, చెల్లింపు రసీదు మీద ఉన్న ధర ఇంకో గడి. రైతు పేరు తీసేసి చీటీ తేదీ, మండలం మాత్రమే ఎక్కిస్తున్నాం. చీటీలు థర్మల్ కాగితం మీద ఉంటాయి, జేబులో పెట్టుకుంటే కొన్ని నెలల్లో తెల్లబడిపోతాయి. తీసుకున్న రోజే ఫొటో తీయాలి.

12వ వారం: మిగిలింది

సమాచార హక్కు దరఖాస్తులు వెళ్లాయి. రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామస్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. ‘పూర్తి వివరాలు ఇవ్వండి’ అని రాసిన మొదటి విడత ‘నిర్దిష్టంగా లేదు’ అని వెనక్కి వచ్చింది. రెండో విడతలో పరిశ్రమ పేరు, సభ తేదీ, కావలసిన పత్రం పేరు రాశాం. 30 రోజులు దాటితే, ఆ తర్వాతి 30 రోజుల్లోగా మొదటి అప్పీలు.

క్యాలెండరులో ఖాయమైనవి: పర్యావరణ అనుమతి షరతుల అమలు నివేదికలు జూన్ 1, డిసెంబర్ 1, వార్షిక నివేదికలు ఎక్కువగా ఆగస్టు, సెప్టెంబర్.

ఎవరూ తీసుకోని పని గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి వైపు మండలాలు. 2022లో తిరుపతి జిల్లాలోకి వచ్చినా, అంతకు ముందు వార్తలన్నీ నెల్లూరు ట్యాబ్‌లలో పడ్డాయి, నోటీసులూ అక్కడి ఎడిషన్లలోనే. ఆ పాత సంచికలు తిరగేయగలిగినవాళ్లు కావాలి. ముందుగా ప్రజాభిప్రాయ సేకరణ నోటీసులు ఏరి, పత్రిక, తేదీ, పేజీ రాసిస్తే చాలు. మిగతా గడులు తర్వాత నింపుకోవచ్చు.